పొగతోట రిహాబ్ సెంటర్: తలదెబ్బ కేసులకి ఐదుకి నాలుగు, బిల్లింగ్ కౌంటర్‌కి మాత్రం ఒకటి

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. ఇంట్లో ఎవరికైనా తలకి దెబ్బ తగిలి, ఐసీయూ, ఆపరేషన్ అన్నీ అయిపోయి, "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని చేతిలో ఫైలు పెట్టేస్తే, ఇప్పుడీ మనిషిని ఏం చెయ్యాలిరా దేవుడా అని నెల్లూరంతా తిరుగుతున్నవాళ్లకి ఈ సెంటర్ పనికొస్తుంది. నడుం నొప్పికో మోకాళ్ల నొప్పికో అయితే ఇంత దూరం రానక్కర్లేదు, మీ వీధి చివర ఫిజియో చాలు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో మెచ్చుకోళ్లతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, ఎందుకొచ్చిన గొడవ. పొగతోటలో వరసగా డాక్టర్ల బోర్డులుండే ఒక సందులో, కింద మందుల షాపు, పైన వీళ్లు.

పేషెంట్ మా బావ, మా అక్క భర్త. విడవలూరు అవతల రొయ్యల గుంటలు లీజుకి తీసుకుని చేస్తుంటాడు. పట్టుబడి (రొయ్యలు పట్టే సమయం) దగ్గరపడితే రాత్రంతా గుంటల మీదే ఉండి తెల్లారుజామున ఇంటికొస్తాడు. అట్లా బండి మీద వస్తుంటే గేదె అడ్డం వచ్చింది. హెల్మెట్ ఉంది, ట్యాంకు మీద ఉంది. పాల క్యాన్ల ఆటో అతను ఆగి 108కి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎంతసేపు పడి ఉండేవాడో. కేసులో ఇరుక్కుంటామని ఇప్పటికీ చాలామంది ఆగరు, అలాంటివాళ్లకి ఒక మాట: 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఏ సెక్షన్ పెట్టారు, మంచి మనసుతో సాయం చేసినవాడి మీద కేసు ఉండదు, పేరు, ఫోన్ నంబరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆ ఆటో అతను మాత్రం ఇవేవీ తెలియకుండానే ఆగాడు.

బయటికి చూస్తే పెద్ద గాయం లేదు. కనుబొమ్మ పైన కుట్లు, చెవిలో కాస్త రక్తం. సీటీ స్కాన్ తీస్తే మెదడు పైపొర కింద రక్తం గడ్డ, ముందు భాగంలో రెండు వైపులా కమిలిన మచ్చలు. బండి మీద నుంచి ఎగిరిపడ్డ తల నేలకి తగిలి టక్కున ఆగిపోతుంది గానీ లోపలున్న మెదడు ఆగదు, పోయి పుర్రెకి కొట్టుకుంటుంది, అదే ఊపులో మెలి తిరిగితే లోపల సన్నటి నరాల పోగులు సాగి తెగుతాయి. ఆ మొదటి దెబ్బని ఏ డాక్టరూ వెనక్కి తిప్పలేడు. ఐసీయూలో వాళ్లు పోరాడేదంతా తర్వాత గంటల్లో, రోజుల్లో వచ్చే రెండో దెబ్బతో, అంటే వాపు, గడ్డ పెరగడం, బీపీ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం. పుర్రె సాగేది కాదు కదా, లోపల వాచిందంటే ప్రెజర్ పెరిగి మెదడుకి రక్తం అందదు. తల వైపు మంచాన్ని 30 డిగ్రీలు ఎత్తి పెట్టడం, వెంటిలేటర్, మానిటాల్ అనే వాపు తగ్గించే మందు సీసాలు, అన్నీ ఆ ప్రెజర్ తగ్గించడానికే.

కోమా స్కోరు 7 అన్నారు. 15కి 7 అంటే సగం మార్కులు వచ్చినట్టేగా అన్నాడు మా పెదనాన్న. ఆ లెక్క అట్లా ఉండదు. గ్లాస్గో కోమా స్కేల్ అని, 1974లో స్కాట్లండ్‌లో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు తయారు చేసింది, ప్రపంచమంతా ఇప్పటికీ అదే వాడుతున్నారు. కళ్లు తెరవడానికి 4, మాటకి 5, చేతులు కాళ్లు కదిలించడానికి 6. ఏ స్పందనా లేని మనిషికి కూడా 3 వేస్తారు, అంటే సున్నా అనేదే లేదు. 13 నుంచి 15 అయితే తేలికపాటి గాయం, 9 నుంచి 12 మధ్యరకం, 8 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే తీవ్రం, అక్కడ గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టేస్తారు. మా బావది ఆ చివరి రకం. పుర్రెలో ఒక ముక్క కోసి తీసి, మెదడు వాచడానికి చోటిచ్చి, గడ్డ తీసేశారు. తీసిన ఎముకని ఆయన పొట్ట చర్మం కిందే దాచారు, కొన్ని నెలల తర్వాత తీసి మళ్లీ పెట్టడానికి. ఈ సంగతి విన్న మా ఊళ్లో జనం ఆసుపత్రికి వచ్చి ముందు పొట్ట చూపించమనేవాళ్లు.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పేరు కూడా రాయను. సర్జన్ మీద నాకు ఒక్క కంప్లయింట్ కూడా లేదు, బావ బతికాడంటే ఆయన వల్లే. ఆరోగ్యశ్రీ కార్డు (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీద చాలా ఖర్చు కలిసొచ్చింది కూడా. కానీ డిశ్చార్జ్ చేసినరోజు కాగితం మీద ఉన్న సలహా మొత్తం ఒక్క లైను, "ఫిజియోథెరపీ చేయించవలెను". ఏ ఫిజియో, ఎక్కడ, ఎన్నాళ్లు, మనిషి తిక్కతిక్కగా చేస్తే ఏం చెయ్యాలి, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలి, ఒక్కటి చెప్పిన పాపాన పోలేదు. అక్క అడిగితే ఒక సిస్టర్ "టైం పడుతుందమ్మా" అంది. ఎంత టైం అంటే ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక సెంటర్ విషయం. మొదటి రోజు మేం తీసుకెళ్లినప్పుడు బావ వీల్‌చైర్‌లో ఒక పక్కకి ఒరిగిపోయి, ఎడం చెయ్యి ముడుచుకుని, అక్కని "అమ్మా" అని పిలుస్తున్నాడు. వేరే చోట్ల చూశాం, వెళ్లగానే చేతికి కరెంటు ప్యాడ్‌లు అంటించి టైమర్ పెట్టి వెళ్లిపోతారు. ఇక్కడ పెద్ద ఫిజియో సారు (ఈయనే సెంటర్ నడిపేది) ఆ రోజు మెషీన్ ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఫైలంతా చదివాడు, స్కాన్ ఫిల్ములు లైటుకి పెట్టి చూశాడు, బావ ఏం పని చేస్తాడు, ఏ చేత్తో అన్నం తింటాడు, బాత్రూం ఇంటి లోపలా బయటా, మెట్లు ఎన్ని, రాత్రి నిద్రపోతున్నాడా, అన్నీ అక్కని అడిగి రాసుకున్నాడు. పుర్రె ముక్క లేని వైపు ఏదన్నా తగిలితే ప్రమాదమని, నిలబెట్టే ముందు తలకి మెత్తటి హెల్మెట్ ఒకటి తొడిగించాడు. రోడ్డు మీద పెట్టుకోని మనిషి అట్లా గదిలో నడవడానికి హెల్మెట్ పెట్టుకున్నాడు. మా అక్కకి అది చూసి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

నేను నాలుగు స్టార్లు ఇవ్వడానికి అసలు కారణం రెండో వారంలో వచ్చింది. బావ ఒక్కసారిగా తిరగబడటం మొదలుపెట్టాడు. జన్మలో మా ముందు అరేయ్ అనని మనిషి, వినలేని బూతులు. ఫిజియో కుర్రాడి చొక్కా చింపాడు. గొట్టాలు పీకేయడం, కాళ్లతో తన్నడం, రాత్రంతా నిద్ర లేకుండా "గుంట దగ్గర ఏరేటర్ ఆగింది, నేను పోవాలి" అని లేవడం (ఏరేటర్ అంటే గుంట నీళ్లలోకి గాలి కొట్టే మెషీన్). దెబ్బకి పిచ్చెక్కిందని మా చిన్నమ్మ తాయెత్తు కట్టించుకొచ్చింది. వేరే చోటైతే, పేషెంట్ కోఆపరేట్ చెయ్యట్లేదని మమ్మల్ని పంపేసేవాళ్లు, లేదా నిద్రమాత్రలు రాయించుకు రమ్మనేవాళ్లు. ఇక్కడ ఆ కుర్రాడు చినిగిన చొక్కాతోనే ఫ్యాన్ తగ్గించి, టీవీ ఆపేసి, గదిలో ఉన్న మమ్మల్నందర్నీ బయటికి పంపి, ఒక్క అక్కని మాత్రం ఉండమన్నాడు. పావుగంటలో చల్లబడ్డాడు. తర్వాత సారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇది పిచ్చి కాదు, కోలుకునే దారిలో వచ్చే ఒక దశ, ఇది వచ్చిందంటే మెదడు మేలుకుంటోందని అర్థం అని చెప్పాడు. కాలిఫోర్నియాలో రాంచో లాస్ అమిగోస్ అనే ఆసుపత్రి వాళ్లు ఈ దశలన్నీ మెట్లుగా రాసి పెట్టారట, మా బావ ఉన్నది నాలుగో మెట్టు, గందరగోళం, ఆవేశం కలిసిన మెట్టు. ఆ మనిషికి తనెక్కడున్నాడో, తన చుట్టూ ఉన్నది ఎవరో తెలియదు, పక్కన పదిమంది పది మాటలు మాట్లాడుతుంటే, పైగా ట్యూబులైటు, టీవీ, ఆ తలలోకి అన్నీ ఒకేసారి పోతాయి, భయంతో కొడతాడు. వాదించొద్దు, "నేనెవరో గుర్తుపట్టు చూద్దాం" అని పరీక్షలు పెట్టొద్దు, ఒక మాట ఒక్కసారి చెప్పండి, మంచం చుట్టూ ఒక్కరే ఉండండి అన్నాడు.

ఈ ముక్క ఆసుపత్రిలోనే ఎవరన్నా చెప్పి ఉంటే మా అక్క అన్ని రాత్రులు గోడకానుకుని ఏడ్చేది కాదు.

కోలుకోవడం ఎట్లా ఉంటుందో జనానికి సినిమాలు నేర్పాయి. హీరో కళ్లు తెరుస్తాడు, నేనెక్కడున్నాను అంటాడు, అయిపోయింది. తలకి ఇంకో దెబ్బ తగిలితే గతం గుర్తొచ్చేది కూడా అక్కడే. నిజంగా జరిగేది చాలా నెమ్మది. ముందు కళ్లు తెరుస్తారు గానీ చూపు నిలవదు. తర్వాత కన్ను మనిషి వెంట తిరుగుతుంది. తర్వాత చెయ్యి ఎత్తమంటే ఒకసారి ఎత్తి రెండోసారి ఎత్తరు. మాట వచ్చినా పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి నిలవదు. కొత్త సంగతి మనసులో నిలబడని ఆ కాలం ఎంత పొడుగైతే పూర్తిగా తేరుకోవడం అంత కష్టం అని డాక్టర్లు లెక్కేస్తారు, మొదటి రోజు స్కాను కంటే కూడా ఒక్కోసారి ఇదే ఎక్కువ చెబుతుందట. మొదటి ఆరు నెలల్లో మార్పు కళ్లకి కనబడేంత వేగంగా ఉంటుంది, ఆ తర్వాత మందగిస్తుంది, కానీ ఏడాది, రెండేళ్ల దాకా, కొందరిలో ఆ తర్వాత కూడా, సాగుతూనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఇక ఏమీ రాదు అని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. అట్లాగే ఆరు నెలల్లో పాత మనిషిని చేసి ఇస్తాం అనేవాణ్ణి అస్సలు నమ్మొద్దు.

ఇక్కడి మేడం ఒకావిడ ఉంది, ఆక్యుపేషనల్ థెరపిస్టు. సెంటర్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఈవిడ. ఫిజియో నడక నేర్పితే ఈవిడ బతుకు నేర్పుతుంది, చొక్కా గుండీలు పెట్టుకోవడం, ఎడం చేత్తో గ్లాసు పట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, చిల్లర లెక్క. బావకి లెక్కలు రావడం లేదు. నాలుగూ మూడూ ఎంతంటే గోడ వైపు చూసేవాడు, రెండోసారి అడిగితే కోపం. ఒకరోజు ఆవిడ చిన్న ట్రేలో రంగు గోలీలు పోసి "బావగారూ (మేం పిలిచేది విని ఆవిడా అదే పట్టుకుంది), 30 కౌంట్ అంటే ఏంది, నాకు తెలీదు, చెప్పండి" అంది. బావ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "30 కౌంట్ తెలీదా? కేజీకి 30 రొయ్యలు తూగితే 30 కౌంట్. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య, రేటు తక్కువ" అన్నాడు. మరి అర కేజీకి 30 కౌంట్ రొయ్యలు ఎన్ని వస్తాయి అంది. గోలీలు ఒక్కొక్కటీ పక్కకి తీసుకుంటూ, మధ్యలో రెండుసార్లు తప్పి మళ్లీ మొదలుపెట్టి, చానాసేపటికి "పదిహేను" అన్నాడు. ఆ రోజు నుంచి అన్ని లెక్కలూ రొయ్యల మీదే. మేత బస్తా ఇన్ని కిలోలు, నాలుగు పూటలు, చెక్ ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) మిగిలిందెంత. స్కూలు లెక్కలు రాని తలలోకి గుంట లెక్కలు వచ్చాయి. ప్రతి పేషెంటుకీ ఆవిడ ఇట్లాగే వాళ్ల పని లోంచే తీస్తుంది. చీమకుర్తి క్వారీలో పైనుంచి పడిన ఒకాయనకి రాళ్ల కొలతలు, ఒక టైలరమ్మకి జాకెట్టు ఆదులు.

ఆదివారాలు సాయంత్రం ఇంటివాళ్లకి విడిగా ఒక గంట చెబుతారు, దానికి డబ్బు తీసుకోరు. ఇది నెల్లూరులో వేరే చోట నేను చూడలేదు. తలదెబ్బలో కనబడేది కాలూ చెయ్యే గానీ కాపురాన్ని తినేసేది కనబడని భాగం. నుదుటి వెనక ఉండే మెదడు ముందు భాగం మన కోపానికీ నోటికీ కళ్లెం. అది దెబ్బతింటే మనిషి నడుస్తాడు, తింటాడు, చూసినవాళ్లు "బానే ఉన్నాడు కదమ్మా" అంటారు, ఇంట్లో మాత్రం చిన్నమాటకి కంచం విసురుతాడు, చావింట్లో నవ్వుతాడు, లేదంటే పొద్దున్నించీ ఒకే కుర్చీలో కూర్చుని లెమ్మంటే తప్ప లేవడు. బద్ధకం అనుకుని మా పెదనాన్న తిట్టాడు కూడా. పని మొదలుపెట్టించే భాగమే దెబ్బ తిన్నదని ఆ ఆదివారం క్లాసులో చెప్పాకే ఆయన నోరు మూశాడు. గోడకి తెల్లబోర్డు పెట్టి రోజూ చేసే పనులు రాయమన్నారు, ఫోన్లో అలారాలు, మందుల డబ్బాకి వారాల గళ్లు. మధ్యాహ్నం తప్పకుండా పడుకోబెట్టమన్నారు, ఎందుకంటే ఈ అలసట మామూలు అలసట కాదు, పది నిమిషాలు నలుగురిలో కూర్చున్నా తల బరువెక్కిపోతుంది. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు చేరినప్పుడు ఆ మాట ఎంత నిజమో చూశాం.

వాసన సంగతి కూడా అక్కడే బయటపడింది. అక్క మామిడికాయ ముక్కలేసి చేపల పులుసు పెడితే, ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు కూడా ఆగి అడిగే పులుసు, బావ ఉప్పు లేదు, పులుపు లేదు, గడ్డిలా ఉందని గిన్నె తోసేశాడు. అక్క నొచ్చుకుంది. మేడం అడిగి, కళ్లు మూయించి కాఫీపొడి, అగరొత్తి ముక్కు దగ్గర పెట్టి చూసి, వాసనే తెలియడం లేదని తేల్చింది. దెబ్బ తగిలినప్పుడు ముక్కు పైనుంచి మెదడుకి వెళ్లే సన్నటి నరాలు తెగిపోతాయట, తల గాయాల్లో ఇది బాగా మామూలే, కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. రుచి పోవడం ఒక ఎత్తు, గ్యాస్ లీకైనా తెలియదు కదా, వంటింట్లో ఆయన్ని ఒంటరిగా వదలొద్దని, పాచిపోయిన కూర ఆయన్ని చూడమనొద్దని చెప్పింది. స్కాను రిపోర్టులో ఇవేవీ ఉండవు.

ఇంకొకటి కూడా రాయాలి వీళ్ల గురించి. ఒకరోజు మేం వెయిటింగ్‌లో ఉండగా కోవూరు నుంచి ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు, ముందురోజు కబడ్డీలో తల తల తగిలిందట, మెడ పట్టేసింది ఫిజియో చెయ్యమని. సారు రెండు ప్రశ్నలు అడిగాడు. వాంతులు అయ్యాయా అంటే పొద్దున్నుంచి మూడుసార్లు అన్నారు, నిద్రమత్తుగా ఉన్నాడా అంటే అవునన్నారు. మంచం మీద కూడా ఎక్కించలేదు, ఫీజు తీసుకోలేదు, ఇప్పుడే సీటీ తీయించండని ఆటో పిలిపించి పంపాడు. దెబ్బ తగిలాక మళ్లీ మళ్లీ వాంతులు, తగ్గకుండా పెరిగే తలనొప్పి, మత్తు, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలా కారడం, వీటిలో ఏది కనబడ్డా రేపు చూద్దాం అనకూడదు. మొదట బాగా మాట్లాడుతూ ఉండి కొన్ని గంటల తర్వాత కోమాలోకి జారేవాళ్లు ఉంటారు, పుర్రెకీ పైపొరకీ మధ్య ధమని చిరిగితే అట్లా అవుతుంది, వెంటనే ఆపరేషన్ చేస్తే నిక్షేపంలా బతుకుతారు, ఆలస్యమైతే పోతారు. పొదలకూరు నుంచి వచ్చే తాతది దీనికి పూర్తిగా తిరగేసి. బాత్రూంలో జారి తల గోడకి చిన్నగా తగిలింది, ఎవరూ పట్టించుకోలేదు, కొన్ని వారాల తర్వాత నడక తూలడం, మాట తడబడటం మొదలైంది, పక్షవాతం అనుకున్నారు. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి సన్న సిరలు బిగుసుకుని ఉంటాయి, చిన్న దెబ్బకే చిరిగి మెల్లగా రక్తం ఊరుతుంది, పైగా ఆయన గుండెకని రక్తం పలచబడే మాత్రలు వాడతాడు. పుర్రెకి రంధ్రం పెట్టి ఆ రక్తం తీసేశాక నెలలోపే కర్ర లేకుండా నడిచాడు.

సీటీలో ఏమీ లేకపోయినా తేలికపాటి దెబ్బకి కూడా తలనొప్పి, వెలుతురు పడకపోవడం, చదివింది ఎక్కకపోవడం కొన్ని వారాలుంటాయి, చాలామందికి వాటంతటవే పోతాయి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత మెల్లగా పనిలోకి. నెల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టడం పాత పద్ధతి.

ఇప్పుడు తిట్లు. రిసెప్షన్‌లో కూర్చున్న మనిషికి పేషెంటు కనబడడు, ప్యాకేజీ కనబడుతుంది. మూడు నెలలది ముందే కడితే తగ్గింపు అని మొదటి రోజే పట్టుకున్నాడు, లోపల సారు ఇంకా చూడనే లేదు. సెషన్‌కి 500, ఇంటికొస్తే 700, అది న్యాయమే, కానీ రసీదు అడిగితే మొహం మాడ్చుకుంటాడు. వారానికోసారి వచ్చే డాక్టరు ఒకాయన మెదడు టానిక్ అని సిటికోలిన్ రాస్తాడు, కింద షాపులో తప్ప దొరకదన్నట్టు చెబుతారు. అమెరికాలో 1,213 మంది తలదెబ్బ పేషెంట్ల మీద చేసి 2012లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, సిటికోలిన్ వేసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ 90 రోజుల తర్వాత తేడా ఏమీ కనబడలేదు. మా సర్జన్ని అడిగితే ఆ డబ్బుతో ఇంకో రెండు సెషన్లు చేయించుకోమన్నాడు. ఫిట్స్ మాత్రలు మాత్రం అట్లా కాదు, బావకి మధ్యలో ఒకసారి ఫిట్స్ వచ్చింది, ఆ మాత్రలు ఎవరు చెప్పినా మన అంతట మనం ఆపకూడదు, బండి తోలడం, మందు కొట్టడం రెండూ బంద్.

స్పీచ్ థెరపిస్టు వారంలో రెండు రోజులే వస్తారు, అది కూడా చెన్నై నుంచి, రైలు లేటైతే ఆ రోజు లేనట్టే. జ్ఞాపకశక్తి, మనసు చూసే సైకాలజిస్టు అసలు లేరు, తలదెబ్బ సెంటర్ అని బోర్డు పెట్టుకుని ఇది లేకపోవడం పెద్ద లోటే. ర్యాంప్ ఉంది గానీ దాని మీద మందుల షాపు వాళ్ల అట్టపెట్టెలు, ప్రతిసారీ తీయించాల్సిందే. లిఫ్టు కరెంటు పోతే ఆగిపోతుంది, ఎండాకాలంలో ఆ సంగతి చెప్పక్కర్లేదు.

మాట పూర్తిగా పోయినవాళ్లు, ఇంకా కోమాలోంచి తేరుకోనివాళ్లు, లేదా ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంచి చూడాల్సినవాళ్లు అయితే ఇక్కడికి రావొద్దు. తిరుపతి మీదుగా వేలూరు వెళ్లండి, సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్లకి అక్కడే బాగాయంలో రిహాబ్ కోసమే విడిగా ఆసుపత్రి ఉంది. లేదంటే బెంగళూరు నిమ్‌హాన్స్. దూరమే, ఇంట్లో ఒకరు పని మానేసి కూర్చోవాలి, అయినా మొదటి నెలలు అట్లాంటి చోట గడిపి తర్వాత నెల్లూరులో కొనసాగించుకోవచ్చు. ఒంగోలు, సింగరాయకొండ వైపు నుంచి రోజూ బస్సులో ఇక్కడికి వచ్చేవాళ్లని చూశాను, ఆ ప్రయాణానికే పేషెంటు అలసిపోయి మంచం మీద నిద్రపోతాడు. వాళ్లు వారానికి రెండుసార్లు వచ్చి, మిగతా రోజులు ఇంట్లో చేసుకునేట్టు మేడం చేత రాయించుకుంటే నయం. ఆవిడ రాసిస్తుంది, బొమ్మలు కూడా వేస్తుంది.

బావ ఇప్పుడు నడుస్తున్నాడు, ఎడం కాలు కాస్త ఈడుస్తాడు. పుర్రె ఎముక తిరిగి పెట్టాక చురుకు పెరిగింది, కొందరిలో అట్లా అవుతుందని సర్జన్ ముందే చెప్పాడు. గుంటల మీదకి తమ్ముడు కారులో తీసుకెళితే వెళ్తాడు, చెక్ ట్రే ఎత్తి చూసి మేత తగ్గించాలో పెంచాలో చెబుతాడు, అది కరెక్టుగానే చెబుతాడు. వ్యాపారితో రేటు మాట్లాడటం మాత్రం అక్క చేస్తోంది, ఎందుకంటే ఎవరేమన్నా సరే అనేస్తాడు, లేదా కొట్టబోతాడు. పులుసు వాసన ఇంకా రాలేదు.

వెళ్లేవాళ్లు సీటీ ఫిల్ములు, డిశ్చార్జ్ కాగితం, వాడే మందుల చీటీ పట్టుకెళ్లండి, ఫోన్లో ఫొటోలు చూపిస్తే ఆయన ఒప్పుకోడు. పొద్దున స్లాటు అడగండి, పదకొండు దాటితే జనం, గోల, తలదెబ్బ మనిషికి అదొక నరకం. స్పీచ్ కోసమైతే ఆ రోజు మనిషి నెల్లూరులో దిగిందో లేదో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. ప్యాకేజీ అనగానే "రోజుకి రోజు కడతాం" అనండి. ముందు కుదరదంటాడు, లోపలికెళ్లి సార్‌తో చెబుతామంటే ఒప్పుకుంటాడు.